పహిల్వాన్ తోక

కార్తీక మాసం సగం గడిచిన ఒక మంగళవారం పొద్దున మొగుణ్ణి ఆఫీసుకు పంపి, అంట్లు తోమి, వాకిలి కడిగి, కళావతి ఆ రోజుకు ఒకే ఒక్క పని పెట్టుకుంది. సాయంత్రంలోగా కుక్కచేత తనకు తోక ఊపించుకోవాలి.

వినడానికి ఇదొక పనిగా కనిపించదు. అన్నం పెట్టే చేతికి ఏ కుక్కయినా తోక ఊపుతుంది. కానీ కళావతి కుక్క ఆ లోకంలోది కాదు. రెండేళ్ళ కిందట వానాకాలంలో మొఘల్‌పురా గల్లీలో మోరీ పక్కన వణుకుతూ పడి ఉంటే ఇంటికి ఎత్తుకొచ్చింది కళావతి. గజ్జి మానేదాకా వేపనూనె పూసింది కళావతి. జ్వరమొస్తే రిక్షా కట్టించుకొని పశువుల దవాఖానకు తీసుకుపోయి, సూది వేయించి, తెల్లారేదాకా ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది కూడా కళావతే. ఎముకల గూడులా ఉందని ఎగతాళికి దానికి 'పహిల్వాన్' అని పేరు పెట్టింది మాత్రం ఆమె భర్త బాలకిషన్. ఈ రెండేళ్ళలో ఆ కుక్కకు అతను చేసిన సేవ అదొక్కటే.

పగలంతా పహిల్వాన్ కళావతి కొంగు పట్టుకొనే తిరిగేది. ఆమె వంటింట్లో ఉంటే వంటింటి గడపలో, గుడికి పోతే గుడి మెట్ల దగ్గర, నీళ్ళకు పోతే నల్లా పక్కన. కానీ తోక కదిలేది కాదు. ఆమె అన్నం పెడితే తిని, మూతి నాక్కుని పడుకునేది. అదే సాయంత్రం గల్లీ మలుపులో బాలకిషన్ సైకిల్ బెల్లు మోగిందా, ఇక చూడాలి దాని సంబరం! చెవులు వెనక్కి పడిపోయేవి. తోకతోపాటు నడుము కూడా ఊగేది. పసిపిల్లలా కుయ్ కుయ్ మంటూ సైకిల్ చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి, అతని ప్యాంటు మీద రెండు కాళ్ళూ ఆనించి, మొహం నడుములో దూర్చేసేది. బాలకిషన్ దాని తల నిమురుతూ, వాకిట్లో నిలబడ్డ పెళ్ళాంకేసి ఒక చూపు చూసేవాడు. ఆ చూపును కళావతి భరించలేకపోయేది.

నీళ్ళ ఆఫీసులో గుమాస్తా పని చేసే బాలకిషన్‌కు ఆఫీసులో ఎవరూ లేచి నిలబడరు. అందుకని ఇంటి దగ్గర దొరికే ఈ మర్యాదను అతను గట్టిగా పట్టుకున్నాడు. ముందురోజు రాత్రి అన్నం తింటూ, "కుక్క దగ్గర నటన నడ్వదు కళా. దిల్ ఉన్న మనిషి ఎవరో దానికి ఎర్కైతది" అన్నాడు.

"మరి అన్నం పెట్టేదెవరో ఎర్కగాదా?"

"అన్నం హోటల్ల గూడ పెడ్తరు. సప్లయరుకు ఎవడన్న సలాం గొడ్తడా?"

ఆ మాటతో కళావతికి రాత్రి నిద్ర లేదు.

పొద్దున ఆమె తన గోడు చెప్పుకున్నది పక్కింటి మహబూబున్నీసాకు. రెండిళ్ళ వాకిళ్ళ మధ్య గోడలో నడుమెత్తు తలుపు ఒకటుంది. ఏ కాలంలో ఎవరు పెట్టించారో గానీ, కూర గిన్నెలూ కబుర్లూ అటూ ఇటూ పోవడానికి ఆ ఇద్దరు ఆడవాళ్ళకు అదే రాజమార్గం. మహబూబున్నీసా భర్త ఖదీర్‌కు గల్లీ మొదట్లో సైకిల్ రిపేరు దుకాణం.

"నన్ను సప్లయర్ అన్నడు ఆపా" అంది కళావతి కళ్ళొత్తుకుంటూ.

మహబూబున్నీసా బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపింది. "సునో కలావతీ. కుత్తేకు కండ్లు నామ్‌కే వాస్తే. దాని కారోబార్ అంత ముక్కుతోనే. నీ మియా వాసన దానికి పసందు అయింది, అంతే. నువ్వు ఆయన బట్టలు ఏస్కో. ఆయన లెక్కనే బయటికెల్లి రా. అప్పుడు జూద్దాం."

"ఏందీ, ప్యాంటా!"

"ప్యాంటు, కమీజు, మఫ్లర్. పూరా సెట్టు."

"ఎవరన్న జూస్తే?"

"పగటి జోహర్ నమాజ్ అయినంక గల్లీల పిల్లి గూడ ఉండదు."

పిల్లి లేని మాట నిజమే. కానీ ఎదురింటి రుక్మిణమ్మ ఉంది. ఆమెకు అరవై దాటాయి. రెండు కళ్ళకూ శుక్లాలొచ్చి చూపు మసకబారింది గానీ, కిటికీ పక్కన మంచం వేసుకొని గల్లీని కాపలా కాయడం ఆమె మానలేదు. ఈ సంగతి ఆ క్షణాన ఇద్దరికీ తట్టలేదు.

మధ్యాహ్నం కళావతి పహిల్వాన్‌ను వాకిట్లో వదిలి, వీధి తలుపు దగ్గరగా వేసి, చిన్న తలుపులోంచి పక్కింటికి చేరింది. నిన్నటి ఆఫీసు బట్టలు చాకలి బాలమ్మకు వేయకుండా దాచిపెట్టింది. ఆ ప్యాంటు బాలకిషన్ దసరాకు కుట్టించుకున్న బెల్‌బాటం. కింద రెండు అంచులూ రెండు గోనె సంచుల్లా ఉంటాయి. నడుము దగ్గర ఇంకో కళావతి పట్టేంత చోటు మిగిలింది. మహబూబున్నీసా లంగా నాడా తెచ్చి రెండు చుట్లు చుట్టి, పళ్ళతో లాగి ముడి వేసింది. జుట్టు మడిచి మఫ్లర్‌లో దోపి, కళ్ళు తప్ప మొహమంతా కప్పింది. ఖదీర్ దుకాణం తాలూకు విడి సైకిల్ బెల్లొకటి ఇంట్లో ఉంటే అది కూడా చేతికిచ్చింది.

"మొగోళ్ళు గట్ల నడుస్తరా? అప్పులోళ్ళు ఎదురొస్తే నడిచినట్టు నడుస్తున్నవ్. జర ఛాతీ తియ్" అని దొడ్డి తలుపు తీసి వెనక గల్లీలోకి నెట్టింది.

కళావతి వెనక గల్లీ చుట్టి, తన ఇంటి ముందుకొచ్చి బెల్లు మోగించింది. ట్రింగ్!

లోపల ఏదో దొర్లిన చప్పుడు. తలుపు సందులోంచి పహిల్వాన్ బాణంలా బయటికొచ్చింది. చెవులు వెనక్కి, తోక గాల్లో, నడుము ఊగుతూ, కుయ్ కుయ్ మంటూ మూడు ప్రదక్షిణాలు! కళావతి గడప మీద కూలబడి దాన్ని రెండు చేతులా హత్తుకుంది. అది మఫ్లర్ మీదనుంచే ఆమె మొహమంతా నాకేసింది. రెండేళ్ళ బాకీ ఒక్కసారి తీరినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసి, చిన్న తలుపు దగ్గరికి పరిగెత్తింది.

"ఊపింది ఆపా! నడుముతోని సహా ఊపింది!"

"నేన్ జెప్పలే?"

అంతటితో ఆగితే ఈ కథ లేదు. కానీ రెండేళ్ళు ఆకలితో ఉన్న మనిషి ఒక్క ముద్దతో లేవగలదా? "ఇంకొక్కసారి" అంది కళావతి. మళ్ళీ చిన్న తలుపు, మళ్ళీ దొడ్డిదారి, మళ్ళీ ట్రింగ్. పహిల్వాన్ మొదటిసారిని మించిపోయింది. మూడోసారికి ఆమె మహబూబున్నీసాతో చెప్పకుండానే బయలుదేరింది.

మూడోసారి గడప దాటి గడియ పెట్టాక పహిల్వాన్ పద్ధతి మారింది. ప్రదక్షిణాలు మానేసి, ముక్కు తీసుకెళ్ళి ప్యాంటు కుడి జేబులో పెట్టింది. కళావతి వద్దన్నా వినకుండా పళ్ళతో పట్టి గుంజింది. పర్రుమని జేబు చిరిగి, నూనె కాగితం ఒకటి నేల మీద పడింది. అందులోంచి ఒక ముక్క పడీపడకముందే పహిల్వాన్ మింగేసింది. మిగతాది కళావతి చేతికి దొరికింది.

చప్పుడు విని వచ్చిన మహబూబున్నీసా దాన్ని వాసన చూసింది. "ఇది లుక్మీ. లోపట మాంసం కీమా వెట్టి ఏంచిన లుక్మీ. మన కోనాకున్న ఇరానీ హోటల్ది."

కళావతి వాకిట్లోనే చతికిలపడింది. కార్తీక మాసం నీసు ముట్టనని బాలకిషన్ దేవుడి పటం ముందు తనతోపాటు చెంపలేసుకున్నాడు. పక్షం రోజులుగా బీరకాయ కూర తింటూ, నా నాలుక సచ్చిపోయింది కళా అని నీరసంగా పడుకుంటున్నాడు. పైగా కుక్కకు జేబులోంచి లంచం! అన్నిటికన్నా ఆమెను కోసేసింది ఇంకో సంగతి. ఇప్పటిదాకా పహిల్వాన్ నాకిందీ, నాట్యమాడిందీ తన కోసం కాదు. జేబు కోసం.

"ఈ ప్యాంటు నా ఒంటి మీద ఒక్క నిమిషం ఉండొద్దు" అని లేచి నాడా పట్టుకుంది. పళ్ళతో బిగించిన ముడి మూడు చుట్లు తిరిగేసరికి రాయిలా బిగిసిపోయింది. కళావతి లాగింది. మహబూబున్నీసా లాగింది. ముడి ఇంకా బిగిసింది. కత్తెర కోసం ఇద్దరూ రెండిళ్ళూ గాలించడం మొదలుపెట్టారు.

ఈలోగా బయట జరిగింది తర్వాత ఖదీరే చెప్పాడు. మొదటి మనిషి కళావతి ఇంట్లోకి పోగానే రుక్మిణమ్మ మంచం మీద లేచి కూర్చుంది. రెండో మనిషి పోగానే చెప్పులు వెతుక్కుంది. మూడో మనిషి పోగానే గల్లీ మొదటికి పరుగు తీసింది.

"ఖదీరూ, కళావతింట్ల ముగ్గురు మొగోళ్ళు వోయిండ్రు. ఒక్కడు బయటికి రాలే."

ఖదీర్ చేతిలో ట్యూబు నీళ్ళ తొట్టిలో పడింది. "చోర్లా?"

"ఏమో బిడ్డా. ముగ్గురియి ఒక్కతీరు బట్టలు. మూతులకు మఫ్లర్లు. ఏదో ముఠా."

"మరి పహిల్వాన్ మొరగలేదా?"

"గదే జెప్తున్న. ముగ్గురి మీద వడి నాకింది. ఎర్కున్నోళ్ళే!"

ఖదీర్ పెద్దమనిషి. ఆ మాట ఇంకో చెవిన పడకూడదని రుక్మిణమ్మను బతిమాలి, సైకిలెక్కి నీళ్ళ ఆఫీసుకు పోయాడు. అతను తిరిగొచ్చేలోపు ఆ మాట పడని చెవి గల్లీలో మిగల్లేదు.

"కిషన్ భాయ్, జర ఘర్ చలో" అన్నాడు ఖదీర్, బాలకిషన్ మేజా దగ్గర వంగి. "మీ ఇంట్ల ముగ్గురు ఆద్మీలు వోయిండ్రంట."

"దొంగలా? ఫికర్ జెయ్యకు భాయ్, పహిల్వాన్ ఉన్నడు. పిక్కలు వీకుతడు."

"పహిల్వాన్ వాళ్ళకు తోక ఊపిండంట."

బాలకిషన్ కలం ఆగిపోయింది. "తోక ఊపిండా?"

"హౌ."

"నాకు ఊపినట్టా?"

ఖదీర్ అబద్ధం చెప్పలేడు. కొంచెం తటపటాయించి, "రుక్మిణమ్మ జెప్పిన హిసాబుల, నీకంటె జర జ్యాదానే" అన్నాడు.

బాలకిషన్ కలం మూత పెట్టకుండానే లేచాడు.

ఇంట్లో కత్తెర దొరకలేదు గానీ తలుపు మీద దబదబ బాదుడు మొదలైంది. "కళా! తలుపు తియ్!"

ఈ వేళప్పుడు అతని గొంతేమిటి? బెల్‌బాటంలో తలుపు తీస్తే గల్లీ అంతా చూస్తుంది. "ఆగు! ఒస్తున్న!"

"ఎందుకు ఆగాల్నే? లోపట ఎవరున్నరు?"

"ఎవరు లేరు! నేనూ, పహిల్వానూ!"

బయట గుంపులో కుక్క పేరు తెలియని వాళ్ళు ఒకరిద్దరున్నారు. "లోపట పహిల్వాన్ ఉన్నడంట" అంటూ వాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు.

మహబూబున్నీసా కళావతి చెయ్యి పట్టి చిన్న తలుపులోంచి తన వాకిట్లోకి లాగి, అటునుంచి గొళ్ళెం పెట్టింది. పహిల్వాన్ ఇవతలే ఉండిపోయింది. అదే క్షణంలో వీధి తలుపు గడియ ఊడిపోయి, బాలకిషన్ తలుపుతోపాటు లోపలికొచ్చి పడ్డాడు. మంచం కింద చూశాడు. బియ్యం డబ్బా వెనక చూశాడు. స్నానాలగదిలో బకెట్ ఎత్తి చూశాడు. మనిషి జాడ లేదు. మంచం మీద, మార్చుకుందామని తెచ్చి పెట్టుకున్న కళావతి చీర కుప్పగా పడి ఉంది. పహిల్వాన్ గోడలోని చిన్న తలుపును గోళ్ళతో గీకుతూ కుయ్ కుయ్ మంటోంది.

"ఇటే వోయిండ్రు!" అన్నాడు బాలకిషన్.

అంతవరకూ స్నేహితుడి భుజం మీద చెయ్యేసి ఓదారుస్తున్న ఖదీర్ చెయ్యి తీసేశాడు. "అది మా ఇల్లు గద భాయ్."

"అందుకే అంటున్న."

ఖదీర్ మొహం రంగు మారింది. ఓదార్చేవాడు పోయి అసూయతో ఉడికేవాళ్ళు ఇద్దరయ్యారు. చిన్న తలుపు తోశారు, రాలేదు. "ముంగటికెల్లి పోదాం" అని ఖదీర్ ముందు, బాలకిషన్ వెనక, పహిల్వాన్ మధ్యన, అందరి వెనక గల్లీ.

గోడ అవతల మహబూబున్నీసా ఇదంతా వింది. చిలకకొయ్యకున్న తన బురఖా తీసి కళావతి నెత్తిన వేసింది. "సప్పుడు జెయ్యకుండ నా దర్వాజాకెల్లి బయటికి పో. నిన్ను ఎవరు ఆపరు. నీ ఇంట్లకు పొయ్యి చీర కట్టుకొని కూసో. మిగతాది నేన్ జూస్కుంట."

తలుపు తెరుచుకుంది. బురఖా జాలీ వెనకనుంచి కళావతికి ముందు కనిపించింది మొగుడే. చొక్కా చిరిగి, జుట్టు చెదిరి ఉన్నాడు. బురఖాలో ఆడమనిషి రావడం చూసి అతను చటుక్కున పక్కకు జరిగి తల దించుకున్నాడు. పెళ్ళయ్యాక అతను తనకు అంత మర్యాదగా దారి ఇవ్వడం కళావతి చూడటం అదే మొదలు.

"ఎవరామె?" అన్నాడు ఖదీర్ భార్యతో, గొంతు తగ్గించి.

"మా ఖాలా బిడ్డ. దబీర్‌పురాకెల్లి వచ్చింది."

"మీ అమ్మకు అక్కచెల్లెండ్లే లేరు, నీకు ఖాలా యాడుంది?"

మహబూబున్నీసా జవాబు వెతుక్కునేలోపే పహిల్వాన్ ముక్కు ఎగరేసింది. చెవులు వెనక్కి పడ్డాయి. బురఖా చుట్టూ ఒకటి, రెండు, మూడు ప్రదక్షిణాలు! ఆ వెంటనే తల బురఖా కింద దూర్చి, చిరిగిన జేబు వాసన పట్టి, దొరికిన బట్ట దొరికినట్టు గుంజింది. నల్ల బురఖా అంచు కింద, గోనె సంచంత వెడల్పున, గోధుమరంగు బెల్‌బాటం బయటపడింది.

"నాలుగోడు!" అని కేక పెట్టింది రుక్మిణమ్మ.

గుంపు ఒక్కసారి ముందుకు తోసుకొచ్చింది. బాలకిషన్ మాత్రం కదల్లేదు. వంగి ఆ అంచు వైపే తేరిపార చూస్తున్నాడు. ఆ గల్లీలో అలాంటి ప్యాంటు ఇంకెవరికీ లేదు.

"ఆ ప్యాంటు నాది!" అన్నాడు.

కళావతి ముసుగు ఎత్తింది. "ప్యాంటు ఒక్కటేనా? పెండ్లాం గూడ నీదే."

మొదట తేరుకున్నది రుక్మిణమ్మ. "మరి మిగతా ముగ్గురు?" అంది ఆశగా.

"ముగ్గురు నేనే అత్తా. బెల్లు కొట్టుకుంట మూడుసార్లొచ్చిన."

"ఎందుకొచ్చినవే తల్లీ, నీ ఇంట్లకు నువ్వు?"

ఇన్ని మొహాల ముందు అసలు కారణం చెప్పడానికి కళావతికి నోరు రాలేదు. నోరు రానప్పుడు చెయ్యి పనికొచ్చింది. నూనె కాగితంలో మిగిలిన ముక్కను మొగుడి ముక్కు దగ్గర పెట్టింది. "ఇగో, ఇందుకు. ఇదేందో జెప్పు. నీ జేబుల దొరికింది."

బాలకిషన్ ముక్కు పక్కకు తిప్పుకున్నాడు. "అది... పహిల్వాన్ కోసం..."

"కీమానా?" రుక్మిణమ్మకు చూపు మసకైనా ముక్కు బాగానే పని చేస్తుంది. "కార్తీకంలనా బాలకిషన్! నీ పెండ్లాం ఒక్కపొద్దులుండి దీపాలు వెడ్తుంటే!"

"నేన్ తినలే అత్తా! కుక్క కోసమే తెచ్చిన. ఖదీర్ భాయ్, నువ్వు జెప్పు!"

ఖదీర్ అబద్ధం చెప్పలేడని ముందే అనుకున్నాం. "నా ముంగట తిన్నప్పుడు నువ్వు రెండు తింటివి భాయ్. దీనికి సగమే కట్టిచ్చినవ్" అన్నాడు. ఉన్న ఒక్క సాక్షీ అలా ముంచేశాడు.

అంతే. పెళ్ళాన్ని నిలదీయడానికి ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చిన మనిషి గల్లీ మధ్యలో చెంపలేసుకోవాల్సి వచ్చింది. ఖదీర్ మహబూబున్నీసాకు మాఫీ చెప్పుకొని, కత్తెర తేవడానికి దుకాణానికి పోయాడు.

సాయంత్రం ఊడిన గడియకు మేకులు కొడుతున్న భర్త దగ్గరికి కళావతి చీరలో వచ్చి కూర్చుంది. "ఒక్క మాట అడుగుత. ఇంట్ల ముగ్గురు మొగోళ్ళున్నరంటె, నువ్వు అడిగింది కుక్క సంగతంట?"

బాలకిషన్ సుత్తి పక్కన పెట్టాడు. "నువ్వు ఎసొంటిదానివో నాకెర్కలేదా? ఆ ఫికర్ నాకు లేకుండె. కానీ కళా, వాడు వేరేటోనికి తోక ఊపిండంటే... కాళ్ళల్ల బలం వోయింది."

కళావతికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఆ బాధ ఎలా ఉంటుందో మాత్రం ఆమెకు చెప్పక్కర్లేదు. కానీ దాన్ని పైకి కనిపించనివ్వలేదు. ఇకనుంచి జేబులు ఖాళీగా తెస్తానని అతనిచేత ఒట్టు వేయించుకుంది. లంచం ఆగాక ఈ దిల్ ఉన్న మనిషికి ఎవరు సలాం కొడతారో చూడాలని ఆమె మనసులో ఆశ.

మర్నాడు సాయంత్రం ఆమె తలదువ్వుకొని, పూలు పెట్టుకొని మరీ గడపలో నిలబడింది. బెల్లు మోగింది. బాలకిషన్ సైకిల్ దిగి, రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు. అవి అటొకటీ ఇటొకటీ మేక చెవుల్లా వేలాడాయి. పహిల్వాన్ వచ్చింది. కుడి జేబు వాసన చూసింది. ఎడమ జేబు వాసన చూసింది. ఒక్క తుమ్ము తుమ్మింది. ఆ తర్వాత చెవులు వెనక్కి వేసి, నడుము ఊపుతూ, ఎప్పటిలాగే మూడు ప్రదక్షిణాలు చేసి అతని నడుములో మొహం దూర్చింది.

బాలకిషన్‌కే నమ్మకం కుదరక రెండుసార్లు జేబులు తడుముకున్నాడు. కళావతి లోపలికి పోయి పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

"లుక్మీ గాదు ఆపా, నిజంగనే ఆయన్నే మెచ్చింది" అంది మర్నాడు చిన్న తలుపు దగ్గర. ఈసారి కళ్ళొత్తుకోలేదు. ఏడుపు కూడా అయిపోయింది. "నాల ఏం తక్కువుందో అది మూగది, జెప్పదు."

మహబూబున్నీసా కళావతి కాళ్ళ దగ్గర పడుకున్న పహిల్వాన్ కేసి చూసింది. ఆ తర్వాత, "కలావతీ, ఈ రెండేండ్లల్ల నువ్వు దాన్ని ఇడిసిపెట్టి ఒక్కదినమన్న యాడికన్న పోయినవా?" అని అడిగింది.

కళావతి ఆలోచించింది. గుడికి పోతే వెంట వస్తుంది. నల్లాకు పోతే వెంట వస్తుంది. కూరగాయల బండి ఇంటి ముందుకే వస్తుంది. ఊరికి పోదామంటే దీనికి అన్నం ఎవరు పెడతారని తనే మానుకుంది. "లేదు."

"మరి గదే! పోయినోళ్ళు వస్తే సంబురం. పొద్దంత ఇంట్లనే ఉన్న మనిషికి ఏమని ఊపుతది? గోడకు ఎవడన్న సలాం గొడ్తడా? పాగల్, అది నిన్ను ఇల్లు అనుకుంటుంది!"

ఆ మాట బాగుందో బాధగా ఉందో కళావతికి వెంటనే తేలలేదు. కాసేపటికి, "ఆపా, ఎల్లుండి రెండో శనివారం. ఆయనకు సుట్టీ" అంది.

"అయితే?"

"నువ్వెప్పుడన్న జూ పార్కు జూసినవా?"

శనివారం పొద్దున కళావతి పట్టుచీర కట్టుకొని వీధి గుమ్మంలో నిలబడి, బాలకిషన్‌కు గరిటె అప్పగించింది. "నేను ఆపాతోని జూ పార్కు వోతున్న. సాయంత్రం వస్త. పహిల్వాన్‌ను లోపట్నే ఉంచు, పగటీలి పాలన్నం కలిపి పెట్టు. ఈగలు వాలనియ్యకు."

"నేను లేకుండనా? పొద్దంతనా? వంట?"

"హోటల్ల గూడ పెడ్తరు గద" అని ఆమె రిక్షా ఎక్కేసింది.

జూ పార్కులో కళావతి ఏమీ సరిగా చూడలేదు. ఏనుగు ముందు నిలబడి పహిల్వాన్‌కు నీళ్ళు పెట్టాడో లేదో అనుకుంది. పులి పంజరం దగ్గర ఇంకో భయం పట్టుకుంది. "ఆపా, పొద్దంత ఆయన చేతి అన్నమే తిని, ఆయన పక్కనే పండితే, ఉన్న ఆ ఇంత ప్రేమ గూడ అటే పోదా?"

"పులిని జూడు" అంది మహబూబున్నీసా. "టికట్టు పులికి కొన్నం, నీ ఏడుపుకు గాదు."

మధ్యాహ్నానికి చెట్టు కింద కూర్చొని బగారన్నం తిని, నీటిగుర్రం ఆవులింత చూసి ఇద్దరూ నవ్వుకున్నారు. తిరుగు రిక్షాలో కళావతికి తను చాలాసేపు పహిల్వాన్ సంగతి మరిచిపోయిందని గుర్తొచ్చి, రిక్షావాణ్ణి జోరుగా తొక్కమంది.

గల్లీ మలుపులో రిక్షా ఆగింది. బెల్లు లేదు, మఫ్లర్ లేదు. కళావతి ఇంకా ఒక కాలు నేల మీద పెట్టిందో లేదో, గల్లీ అవతలి కొసన తలుపు ధడేలుమంది. పహిల్వాన్ రావడం ఆమె చూడలేదు. వచ్చి తగలడమే తెలిసింది. పట్టుచీరతో సహా వెనక్కి పడి గల్లీ మధ్యలో కూర్చుండిపోయింది. కుక్క అరుస్తోంది, ఏడుస్తోంది, చుట్టూ ఎన్ని ప్రదక్షిణాలు చేస్తోందో దానికే లెక్క లేదు. తోక ఒక్కటే కాదు, దాని ఒళ్ళంతా ఊగుతోంది. కళావతి నవ్వుతోంది, పూలు ఊడిపోయాయి, బొట్టు చెరిగిపోయింది. కిటికీలోంచి రుక్మిణమ్మ ఈసారి ఎవరినీ పిలవలేదు.

బాలకిషన్ గడపలో నిలబడ్డాడు. చేతిలో పాలన్నం గిన్నె అలాగే ఉంది. చొక్కా నిండా అన్నం మెతుకులు. "పొద్దటి సంది నేనే గద పెట్టిన" అన్నాడు ఎవరితోనన్నట్టు. "ఈపు గోకిన. పక్కన పండిన. దర్వాజ దిక్కే జూసుకుంట కూసున్నది. తోక కొస గూడ కదిలియ్యలే."

కళావతి లేచి చీర దులుపుకుంది. పహిల్వాన్‌ను ముందు పెట్టుకొని ఇంట్లోకి నడిచింది.

ఆ తర్వాత ప్రతి రెండో శనివారమూ కళావతికి ఊళ్ళో ఏదో ఒక పని పడుతూనే వచ్చింది.